ఏరువాక పున్నమిలో పనిచేసే ఎద్దులు: పశ్చిమ కర్నూలు గ్రామం నుంచి ఒక కేస్ స్టడీ

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో జ్యేష్ఠ పున్నమిని ఏరువాక పున్నమిగా జరుపుకోవడం తరతరాల ఆచారం. ఆ రోజు తెల్లవారుజామునే ఎద్దులను వంకకో బావికో తోలుకుపోయి కడుగుతారు. కొమ్ములకు రంగులు పూసి, ఇత్తడి కుప్పెలు తొడిగి, మెడలో గజ్జెల పట్టెడ కడతారు. సాయంత్రం ఊరి వాకిట గోగునారతో పేనిన తోరణం కట్టి, దాన్ని చెర్నాకోలలతో కొట్టి తెంపుతారు. కొన్ని గ్రామాల్లో ఎద్దులను పరుగెత్తించి, ముందు వచ్చిన ఎద్దు రంగును బట్టి ఆ ఏడు ఏ రంగు పంట బాగా పండుతుందో చెప్పుకుంటారు. పత్తికొండ, ఆలూరు ప్రాంతాల మధ్య ఉన్న ఒక గ్రామం ఈ పండుగను, సేద్యపు ఎద్దుల పనినీ పాత పనిముట్లనూ కళ్ళకు కట్టే ఉత్సవంగా మలచుకుంది. ఆ ప్రాంతపు పశువైద్యుడిగా ఎద్దుల ఆరోగ్య పరీక్ష, కాడి అమరిక, పని వేళలు, లాగే బరువు నిర్ణయించే బాధ్యత నాకు అప్పగించారు. ఆ పని జరిగిన తీరును, ఇటువంటి ఉత్సవం తలపెట్టే ఇతర గ్రామాలకు పనికివస్తుందన్న ఉద్దేశంతో ఇక్కడ నమోదు చేస్తున్నాను.

సేద్యపు ఎద్దును గౌరవించడమంటే దాన్ని దాని అసలు పనిలో, దాని సత్తువకు తగిన బరువుతో, గాయం లేని మెడతో జనం ముందు నిలపడమేనన్నది మొదటి సమావేశంలోనే నేను చెప్పిన మాట. అలంకారం, ఊరేగింపు వద్దని కాదు. కానీ వాటిలో ఎద్దు అందం కనిపిస్తుంది తప్ప నేర్పు కనిపించదు. మేళాల మధ్య నిలబెట్టిన ఎద్దుకూ, సాలు తప్పకుండా గొర్రు (విత్తనం వేసే పనిముట్టు) లాగే ఎద్దుకూ ఉన్న తేడా తెలియని తరం ఇప్పుడు ఊళ్ళోనే పెరుగుతోంది.

గ్రామ నేపథ్యం

ఊరి పొలాల్లో ఎర్ర నేలలూ నల్లరేగడీ రెండూ ఉన్నాయి. దుక్కి దున్నడం దాదాపుగా ట్రాక్టర్ల చేతికి వెళ్ళిపోయింది. అయినా ఎద్దులు పూర్తిగా పోకపోవడానికి మమకారం ఒక్కటే కారణం కాదు. పైరు మొలిచాక సాళ్ళ మధ్య కలుపు తీసే దంతె తోలడానికి ట్రాక్టరు చక్రం పట్టదు. తొలకరి వాన పడినప్పుడు ఊరంతా ఒక్కసారే విత్తాలనుకుంటుంది కాబట్టి, చిన్న కమతం ఉన్న రైతు వంతు వచ్చేలోపు ఎర్ర నేలలో విత్తడానికి తగిన పదును (తేమ) ఆరిపోతుంది. ఇంట్లో జత ఉన్న రైతు ఎవరి కోసమూ ఎదురుచూడడు. ఇక్కడి జతల్లో వెనక్కు వాలిన పొడవాటి కొమ్ములతో చురుకుగా నడిచే హల్లికార్ పోలికల ఎద్దులు, ఒంగోలు పోలికల భారీ ఎద్దులు, ఫలానా జాతి అని తేల్చలేని నాటు ఎద్దులు కలిసి ఉంటాయి. కొత్త జత కావాలంటే చాలామంది జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరప్పుడు జరిగే పశువుల సంతకు వెళ్తారు.

ఉత్సవంలో పనికి 18 జతల పేర్లు వచ్చాయి. యజమానుల్లో ఎక్కువమంది యాభై దాటినవారే. నిర్వాహకులు మాత్రం బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉద్యోగాలు చేస్తూ పండుగలకు ఊరికి వచ్చే యువకులు. ఈ రెండు తరాల కోరికలు వేరని తొలి సమావేశంలోనే తేలింది.

పశువుల పరీక్ష

నలుదిక్కుల నుంచి పశువులు ఒకచోట చేరితే రోగాలూ చేరతాయి. 2022లో ముద్ద చర్మ వ్యాధి దేశంలోని అనేక రాష్ట్రాలకు పాకిన అనుభవం రైతులకు ఇంకా గుర్తుంది కాబట్టి, ఈ విషయంలో నన్ను ఎవరూ ఎదురు ప్రశ్నించలేదు. గాలికుంటు టీకా వేసి మూడు వారాలు నిండని పశువును, చర్మం మీద గడ్డలున్న పశువును, జ్వరం ఉన్న పశువును మైదానంలోకి రానివ్వకూడదని నిర్ణయించాం. నీళ్ళ తొట్టి అందరికీ ఒకటి కాకుండా, ఎవరి బకెట్ వారే తెచ్చుకునే ఏర్పాటు చేశాం.

అసలు పరీక్ష మెడ దగ్గర మొదలవుతుంది. మూపురానికి ముందు, కాడి ఆనే చోట, అరచేతితో నిదానంగా నొక్కుతూ పోవాలి. వేడిగా ఉందా, చర్మం కింద నీరు చేరిందా, నొక్కినప్పుడు ఎద్దు మెడ దించి తప్పుకుంటుందా అన్నవి కంటితో చూస్తే తెలియవు. పాత గాయం మాని గట్టిపడిన చోట వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. అలాంటి మచ్చలు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ ఎద్దు మోసిన కాడి ఎలాంటిదో ఊహించవచ్చు. నాలుగు జతలను కాడి పుండ్ల కారణంగానే పనికి వద్దన్నాను. ఆ యజమానుల్లో ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. “సారూ, పండగ పూట నా ఎద్దుల్ని ఇంటికాడ కట్టేసుకోమంటే ఎట్ల?” అన్నారు. పుండు ఉన్న మెడకు మందుకన్నా ముందు కావలసింది విశ్రాంతి అని, వాటిని కడిగి అలంకరించి ఊరేగింపులో కాడి లేకుండా నడిపించవచ్చని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఆ ఎద్దులు ఊరేగింపులో ముందు వరుసలో నడిచాయి.

ఇంకొక ఎద్దు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది తలను కుడిపక్కకు వాల్చి నిలబడేది, ఆ వైపు కొమ్మును గుంజకు పదేపదే రాసుకునేది. కొమ్ము మొదలు పట్టుకుని చూస్తే గట్టిగా ఉండవలసినది మెత్తగా కదిలింది, అదే వైపు ముక్కురంధ్రం నుంచి పలుచగా రక్తం కలిసిన స్రావం కారింది. ఇవి కొమ్ము క్యాన్సర్ లక్షణాలు. మన దేశంలో వట్టలు కొట్టిన సేద్యపు ఎద్దుల్లో ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి కాడి ఒరిపిడి, కొమ్ములు చెక్కడం, రంగులు పూయడం దీనికి దోహదం చేస్తాయని పశువైద్య శాస్త్రం భావిస్తుంది. తొలిదశలో కొమ్మును మొదలంటా తీసివేసే శస్త్రచికిత్స చేస్తే ఎద్దు బతికే అవకాశం ఉంటుంది కాబట్టి, పండుగ కోసం ఆగకుండా ఆ ఎద్దును వెంటనే పశు ఆసుపత్రికి పంపించాం. పండుగ పరీక్ష లేకపోతే ఆ రైతు దాన్ని కొమ్ముపోటు గాయమని అనుకుని ఇంకొన్ని నెలలు గడిపేవారు. ఉత్సవానికి ముందు పరీక్ష తప్పనిసరి అని నేను పట్టుబట్టడానికి ఈ ఒక్క ఎద్దు చాలు.

కొమ్ముల రంగు గురించి కూడా మాట్లాడుకున్నాం. తలుపులకు వేసే ఆయిల్ పెయింటు పూయడం ఈ మధ్య పెరిగింది. పశువులు ఒకదాన్నొకటి నాకుతాయి, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, సీసపు విషానికి పశువులు త్వరగా లొంగిపోతాయి. అందుకే ఆ ఏడు ఎర్రమన్ను, సున్నం, పసుపుతోనే కొమ్ములు తీర్చిదిద్దాలని, చెక్కడం అసలు వద్దని అనుకున్నాం. ఆడవాళ్ళు గోడలకు వేసే చారల పద్ధతినే కొమ్ములకు వేశారు. నా కంటికి అది ఆయిల్ పెయింటు కన్నా ఎంతో అందంగా కనిపించింది.

కాడి

ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం కేటాయించింది కాడి మీదే. ఎద్దు తన బలాన్ని నేలకు చేర్చేది మెడ మీది ఆ కొద్దిపాటి చోటు ద్వారానే. గుండ్రటి తిన్నని మాను అయితే అది మెడకు ఒక సన్నని గీతలా మాత్రమే ఆనుతుంది, బరువంతా ఆ గీత మీదే పడుతుంది. ఆనే చోటును వెడల్పు చేస్తే అదే బరువు పరచుకుని పడుతుంది. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ సమన్వయంతో నడిచిన జంతుశక్తి పరిశోధనల్లో మెరుగైన కాడులు రూపొందాయి గానీ, అవి మా ఊళ్ళకు పెద్దగా చేరలేదు. ఉన్న కాడినే సరిచేయడం మాకు దగ్గరి దారి.

అందుకు మేము అనుసరించిన పద్ధతి చాలా సులువైనది. కాడి అడుగున తడిపిన ఎర్రమన్ను పలుచగా పూసి, జతను కట్టి, ఖాళీ గొర్రుతో పది గజాలు నడిపించి, కాడి ఎత్తి మెడ చూడాలి. మన్ను అంటిన చోటే కాడి ఆనిన చోటు. మొదటి జతలో దాపటి (ఎడమ పక్క) ఎద్దు మెడ మీద రెండు వేళ్ళంత గీత మాత్రమే పడింది, వలపటి (కుడి పక్క) ఎద్దుకు మూపురం మొదట్లో ఒక మూల గుచ్చుకున్నట్టు చుక్క పడింది. గ్రామ వడ్రంగి ఆ గుర్తులను చూసి బాడిసతో మూలలు తీసి, లోపలి భాగాన్ని మెడ వంపుకు తగ్గట్టు చెక్కి, చిత్రిక పట్టి నున్న చేశారు. మళ్ళీ మన్ను పూశాం, మళ్ళీ నడిపించాం. అరచేయి వెడల్పున మచ్చ సమంగా పడేదాకా ఈ పని సాగింది. గోనెసంచి ముక్కలు చుడితే మెత్తగా ఉంటుందని కొందరు అన్నారు గానీ, గోనె చెమట పీల్చి, ముడతలు పడి, ఆ ముడతే పుండు చేస్తుంది. నున్నని కొయ్యే మేలు.

జతలో ఒకటి బలమైనది, ఒకటి బలహీనమైనది అయితే నొగను (కాడినీ పనిముట్టునూ కలిపే పొడవాటి మానును) కాడి నడిమికి కట్టకూడదు. బలమైన ఎద్దు వైపు కొద్దిగా జరిపి కడితే బరువులో ఎక్కువ పాలు దాని మీద పడుతుంది, బలహీనమైనదానికి ఊరట కలుగుతుంది. ఇది పాత రైతులకు తెలియనిది కాదు. వారిలో ఇద్దరు నేను చెప్పక ముందే ఆ పని చేశారు. అయితే ఎద్దులను పక్కలు మార్చి కట్టడం మాత్రం కుదరదు. నేను ఒక జతలో అది సాధ్యమేమోనని అడిగితే, యజమాని నవ్వి, “ఇన్నేండ్లు ఆ పక్కనే నడిచింది సారూ. దాపటిదాన్ని వలపటికి కడితే దానికి దారే తెలీదు” అన్నారు. అది అక్షరాలా నిజం. మలుపులో లోపలి ఎద్దు నిలిచి తిరగాలి, బయటి ఎద్దు పెద్ద అడుగులు వేయాలి. ఏ వైపు మలుపులో తన వంతు ఏమిటో ప్రతి ఎద్దూ తన పక్క నుంచే నేర్చుకుంటుంది.

బండలాగుడు ప్రశ్న

యువకులు బండలాగుడు పోటీ పెట్టాలని గట్టిగా అడిగారు. రాయలసీమ తిరునాళ్ళలో దానికున్న ఆకర్షణ నాకు తెలుసు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ వయసును బట్టి విభాగాలు చేసి నడిపే ఆ పోటీల వెనుక పశుపోషణలో గొప్ప శ్రద్ధ ఉంది. అయితే ఆ పోటీ గిత్తలు వేరు, సేద్యపు ఎద్దులు వేరు. సేద్యపు ఎద్దు గంటల తరబడి నిలకడగా లాగగల బరువు సుమారుగా దాని శరీర బరువులో పదో వంతు. ఒక్కొక్కటి 400 కిలోలున్న జత అయితే అది 80 కిలోల లాగుడు. గొర్రు, గుంటక, దంతె ఈ హద్దులోపలే ఉండేలా మన పెద్దలు వాటిని తీర్చారు. టన్ను బరువున్న బండను నేల మీద ఈడ్చాలంటే రాపిడి వల్ల ఆ బరువులో సుమారు సగం దాకా లాగుడు కావాలి. అంటే నిలకడగా లాగగలిగే దానికి ఆరింతలు. ఏడాది పొడవునా చొప్ప తిని సేద్యం చేసే ఎద్దును, ఒక్క పూట కోసం ఆ పనికి దించడం నాకు సమ్మతం కాదని చెప్పాను. దాని బదులు బరువు కాకుండా నేర్పు కొలిచే పోటీ పెట్టమన్నాను: ఒక చిన్న పొలం చెక్కలో ఎవరి సాళ్ళు సూటిగా, సమదూరంలో, సమమైన లోతులో పడతాయో చూడాలి. యువకులు మొదట నిరాశపడ్డారు, తర్వాత ఒప్పుకున్నారు. నేను చెప్పిన దాంట్లో వారిని ఒప్పించింది లెక్క అనుకుంటాను.

చట్టం చెప్పేదీ వారి ముందు పెట్టాను. భారత ప్రభుత్వం 1965లో చేసిన బండి, బరువు పశువుల నియమాల ప్రకారం పశువును రోజులో మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పనే చేయించకూడదు. మొనలున్న కర్రతో పొడవడం కూడా ఆ నియమాలకు విరుద్ధం. కాబట్టి ముల్లుకర్రలను మైదానం బయటే తీసుకున్నాం. చెర్నాకోలను తోరణం కొట్టడానికి మాత్రమే ఉంచాం. పని ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకే. ఊపిరి లెక్కించి, నిమిషానికి 60 దాటిన ఎద్దును చెట్టు నీడకు పంపమని ఇద్దరు విద్యార్థులకు నేర్పాను.

ఎద గొర్రు

పున్నమి నాటికి వాన పడుతుందన్న హామీ లేదు. అధికమాసం వచ్చినప్పుడూ రానప్పుడూ జ్యేష్ఠ పున్నమి జూన్‌లో ముందుకూ వెనక్కూ జరుగుతుంది, పొడినేలలో విత్తనం చూపడం నాటకమే అవుతుంది. అందుకే ఎర్ర నేలలో ఒక చెక్కను ఎన్నుకుని, స్ప్రింక్లర్లతో తడిపి, ఆరనిచ్చాం. పిడికెడు మన్ను పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే విరిగిపోవాలి, అదే పదును. నల్లరేగడిలో ఈ పని చేయబోతే తడి పైన మాత్రమే ఆరి, అడుగున బంక మిగిలేది.

ఎద గొర్రు మీద ఉండే కొయ్య గిన్నెను జడ్డిగం అంటారు. దాని అడుగున రంధ్రాలు, వాటి నుంచి వెదురు గొట్టాలు, గొట్టాల చివర కర్రులు. గొర్రు తోలేది ఒకరు, జడ్డిగంలో విత్తనం వేసేది ఇంకొకరు. ఆ రోజు వేసినది అరవై దాటిన ఒక అవ్వ. ఒడిలోంచి కొర్రలు పిడికిట్లోకి తీసుకుని, బొటనవేలితో చూపుడువేలిని రాస్తూ, గింజలు అన్ని రంధ్రాల్లోకి సమంగా జారేటట్టు వేళ్ళను జడ్డిగం చుట్టూ తిప్పుతూ నడిచింది. ఎద్దుల నడక వేగం తగ్గితే ఆమె వేళ్ళ వేగం తగ్గేది. చూస్తున్నవారికి ఆమె ఎద్దుల వైపు చూసినట్టే అనిపించలేదు, గజ్జెల చప్పుడునే లెక్కగా పట్టుకుంది. వెనక ఇంకొక ఆమె తాడుతో కట్టిన వేరే గొట్టంలో కంది గింజలు వేస్తూ అక్కిడి సాలు (అంతర పంట సాలు) పట్టుకుంది. కొర్ర గింజ పైపైన పడాలి, కంది గింజ లోతుగా పడాలి. ఒకే నడకలో రెండు లోతులు సాధించే ఆ ఏర్పాటును బెంగళూరు నుంచి వచ్చిన ఇంజినీరు యువకుడొకరు నేల మీద మోకాళ్ళూని మన్ను తొలగించి చూశాడు. పండుగ మొత్తంలో జనం కదలకుండా నిలబడి చూసినది ఈ ప్రదర్శననే.

ఈ నేర్పు ఎద్దుకూ, తోలేవాడికీ, విత్తేవారికీ పంచబడి ఉంది. ముగ్గురిలో ఒకరు లేకపోయినా పనిముట్టు గోడకు వేలాడే కొయ్యగా మిగులుతుంది. గొర్లను, మడకలను సేకరించి గదిలో పెట్టే ప్రయత్నాలను నేను గౌరవిస్తాను, కానీ ఆ గదికి ఎద్దు రాదు, అవ్వ రాదు.

కపిలను నిలపలేకపోయిన కారణం

ఎద్దులతో బావిలోంచి నీళ్ళు తోడే కపిలను నడిపి చూపాలని పెద్దలు ఆశపడ్డారు. కపిల బావి గట్టు ఉంది, తోలు తొండం అమర్చే మాను కూడా ఒక ఇంట్లో దొరికింది. కానీ కపిల లాగే ఎద్దులు వాలులో ముందుకు దిగి, మళ్ళీ వెనకడుగులతో గట్టు దాకా ఎక్కాలి. అలా వెనక్కు నడవడం నేర్చిన ఎద్దు ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు. నేర్వని ఎద్దును బావి గట్టున వెనక్కు నెట్టడం ప్రమాదం. కాబట్టి దాన్ని ఎద్దులు లేకుండానే అమర్చి, పని తీరును ఒక పెద్దాయన మాటల్లో వివరించారు.

బడి పిల్లల కోసం ఒక చిన్న ప్రదర్శన కూడా పెట్టాం. ఈ సీమలో తొలి రైతులు నవీన శిలాయుగపు పశుపోషకులు. వారు పేడ కుప్పలను కాల్చగా మిగిలిన బూడిద దిబ్బలు బళ్ళారి, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో ఉన్నాయి. కళ్యాణదుర్గం దగ్గరి పాలవాయి దిబ్బ వాటిలో ఒకటి. ఉమ్మడి పాలమూరు జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ జరిపిన తవ్వకాల్లో బూడిద పొరల మీద పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. ఆ కాలపు మనుషులు ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించారు. ఆ గింజలను పళ్ళెంలో పోసి పెడితే పిల్లలు ఉలవలను వెంటనే గుర్తుపట్టారు, అండుకొర్రలను గుర్తుపట్టలేదు.

పండుగ మేత

ఏరువాక మరునాడు పొట్ట ఉబ్బి, నెమరు మాని పడుకున్న ఎద్దులను పశువైద్యులు ఏటా చూస్తారు. భక్తితో పెట్టిన పులగం, ఓళిగలు కడుపులో పులిసి, ఆమ్లం పెరగడమే కారణం. చొప్పకు అలవాటుపడిన కడుపు ఒక్కసారిగా గంపెడు అన్నాన్ని జీర్ణం చేసుకోలేదు. నైవేద్యంగా ఒక ముద్ద చాలని, ఆ తర్వాత పచ్చి జొన్న మేత, నానబెట్టిన ఉలవలు కొద్దిగా పెట్టమని ఇంటింటికీ చెప్పించాం. ఈ మాట నా నోట కన్నా ఇళ్ళలోని పెద్దావిడల నోట బాగా పనిచేసింది. ఆ ఏడు ఆ ఊరి నుంచి అలాంటి కేసు నా దగ్గరికి రాలేదు.

తర్వాత

నేర్పు పోటీలో గెలిచినది ఒంగోలు పోలికల పెద్ద జత కాదు, ఎర్రటి నాటు జత. విత్తిన చెక్కలో కొర్ర మొలిచాక సాళ్ళను కొలిచి ఫలితం చెప్పాలన్న నియమం పెట్టినందువల్ల, పండుగ అయిపోయాక కూడా జనం ఆ పొలం గట్టుకు వచ్చి చూస్తూ ఉన్నారు. కాడులు సరిచేయించుకున్న రైతులు ఆ కాడులనే ఇప్పటికీ వాడుతున్నారు. పుండ్లు ఉన్న నాలుగు జతల్లో మూడు జతల మెడలు కోలుకున్నాయి. నాలుగో జతను యజమాని పని నుంచి విరమింపజేసి ఇంటి దగ్గరే ఉంచుకున్నారు.

తేలని విషయం ఒకటే. ఊళ్ళో కాడికి అలవాటు చేస్తున్న కోడెలు లేవు. ఇప్పుడున్న జతల్లో ఎక్కువ భాగం ఎనిమిది పళ్ళూ నిండి చాలా ఏళ్ళు గడిచినవి. పళ్ళు అరిగిన ఎద్దు మేత నమలలేక బక్కచిక్కుతుంది, దాన్ని గొర్రుకు కట్టడం నేను ఒప్పుకోను. కోడెను కాడికి అలవాటు చేయడానికి కావలసింది నేర్చిన ఎద్దు పక్కన కొన్ని నెలల నడక, ఓపిక ఉన్న మనిషి. నేర్చిన ఎద్దులు బతికి ఉన్నప్పుడే ఆ పని మొదలవ్వాలి. గ్రామ సంఘం కొత్త కోడెల జతను కొని, ఆ అవ్వ ఇంటి జత పక్కన నడిపించాలని తీర్మానించింది. కొనుగోలుకు సంక్రాంతి తర్వాత ఎమ్మిగనూరు సంతకు వెళ్ళే ముగ్గురి పేర్లు, కోడెలను చూసుకోవడానికి ముందుకు వచ్చిన ఇద్దరు యువకుల పేర్లు సంఘం పుస్తకంలో రాశారు. కోడెల పళ్ళు, గిట్టలు, మెడ చూసి ఎంచిపెట్టే పని నాకు అప్పగించారు.